చెరిపేసిన రాజు నగలు

రాళ్ళు పొదిగేవాడి చూపు ముందుగా రాయి కింది రేకు మీదికి పోతుంది. పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఒక కత్తి ఫొటో చూసినప్పుడు నాకూ అదే జరిగింది. పిడికీ ఒరకూ బంగారంతో చిన్నచిన్న గళ్ళు కట్టారు. గడికొక ఎర్రటి గార్నెట్ పలక, పలచగా కోసింది. దాని కింద సన్నటి గీతలు నొక్కిన బంగారు రేకు. రాయిలోకి దిగిన వెలుగు ఆ గీతల మీద చిట్లి మళ్ళీ పైకి రావాలి, అందుకే ఆ ఏర్పాటు. మా ఇంట్లో మూడు తరాలుగా రాళ్ళు పొదుగుతున్నాం. ఆ చెయ్యి ఎంత తిరిగిన చెయ్యో నాకు తెలుస్తుంది. ఆ కంసాలి పేరు ఎక్కడా లేదు. కత్తి ఎవరిదో మాత్రం తెలుసు: 481 ప్రాంతంలో చనిపోయిన ఫ్రాంకుల రాజు చిల్డెరిక్‌ది.

ఆ కాలపు ఫ్రాంకుల నగల్లోని గార్నెట్లను శాస్త్రవేత్తలు పరీక్షించి, వాటిలో చాలా భాగం భారతదేశం నుంచే వెళ్ళాయని తేల్చారు. మన నేల రాయి సముద్రాలు దాటి అంత దూరం పోయిందని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ రాజు ఎవరో తెలుసుకోవాలనిపించింది.

ఇప్పటి ఫ్రాన్స్, బెల్జియంల నేలను అప్పట్లో గాల్ అనేవారు. అక్కడ రోమ్ పాలన కూలిపోతున్న రోజులవి. చిల్డెరిక్ కథ చెప్పింది టూర్ నగర బిషప్ గ్రెగరీ, అదీ ఒక నూరేళ్ళ తర్వాత. ఆడపిల్లలను చెరుస్తున్నాడని ఫ్రాంకులు తమ రాజును తరిమేశారట. అతను తురింగియా రాజ్యానికి పారిపోతూ ఒక బంగారు నాణేన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క నమ్మిన మనిషి చేతిలో పెట్టాడు. జనం కోపం చల్లారాక ఆ ముక్క తనకు పంపాలి. రెండూ అతికితే తిరిగి రావచ్చని గుర్తు. ఈలోగా ఫ్రాంకులను ఈజిడియస్ అనే రోమన్ సేనాని ఏలాడు. ఎనిమిదేళ్ళకు ముక్క వచ్చింది, రాజు వచ్చాడు. అతని వెనకే, భర్తను వదిలేసి తురింగియా రాణి బసీనా వచ్చింది. వాళ్ళ కొడుకే క్లోవిస్. క్రైస్తవం పుచ్చుకుని, గాల్‌లో చాలా భాగాన్ని గెలిచి, ఫ్రాన్స్ చరిత్రకు మొదటి పేజీ అయినవాడు. తండ్రి మాత్రం పాత దేవుళ్ళతోనే పోయాడు.

చిల్డెరిక్‌ను ఇప్పటి బెల్జియంలోని టూర్నేలో పూడ్చారు. ఆ చోటు మరుగున పడింది. 1653 మే 27న సెయింట్ బ్రీస్ చర్చి దగ్గర పునాది తవ్వుతున్న ఆడ్రియన్ కాంకాన్ అనే తాపీ పనివాడి పారకు బంగారు నాణేలు తగిలాయి. అతనికి వినపడదు, మాట రాదు. చేతులు ఊపుతూ జనాన్ని పోగుచేశాడని చెబుతారు. నూరు దాకా బంగారు నాణేలు, రెండు వందల దాకా వెండివి, కత్తి, గొడ్డలి, గార్నెట్ రెక్కల బంగారు తేనెటీగలు మూడు వందలకు పైగా బయటపడ్డాయి. వాటితో పాటు ఒక ముద్ర ఉంగరం. దాని మీద జుట్టు భుజాల దాకా దిగిన మనిషి, చేతిలో ఈటె, చుట్టూ ‘చిల్డెరిక్ రాజుది’ అనే అర్థం వచ్చే లాటిన్ అక్షరాలు. సమాధి ఎవరిదో ఆ ఉంగరమే చెప్పింది. 1980లలో ఆ చుట్టుపక్కల తవ్వినప్పుడు మూడు గోతుల్లో 21 గుర్రాల ఎముకలు దొరికాయి.

ఆ ప్రాంతానికి అప్పటి పాలకుడు ఆర్చ్‌డ్యూక్ లియొపోల్డ్ విల్హెల్మ్ ఆ సొమ్మును తెప్పించుకుని, తన వైద్యుడు షిఫ్లేకు అప్పగించాడు. షిఫ్లే ఒక్కో వస్తువునూ బొమ్మ గీయించి, 1655లో పుస్తకం అచ్చువేయించాడు. అందులో తప్పులున్నాయి. ఒక బంగారు పిన్నును రాతకలానికి సంబంధించిన వస్తువనుకున్నాడు. ఆ బొమ్మనే చూసిన తర్వాతి పండితులు, అది రోమన్ సేనానులు భుజం మీద అంగీని పట్టి ఉంచడానికి పెట్టుకునే పిన్ను అని గుర్తుపట్టారు. ఫ్రాంకుల రాజు రోమన్ అధికారి వేషంలో సమాధికి వెళ్ళాడన్నమాట. రాసినవాడు పొరపడినా బొమ్మ నిజం చెప్పింది.

ఆ సొమ్ము వియన్నాకు వెళ్ళింది. 1665లో కానుకగా ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి చేరింది. 1804లో చక్రవర్తి అయిన నెపోలియన్ ఆ తేనెటీగనే తన చిహ్నం చేసుకున్నాడు. 1831 నవంబరులో ఒక రాత్రి పారిస్‌లోని రాజ గ్రంథాలయంలో దొంగలు పడ్డారు. బంగారంలో ఎక్కువ భాగాన్ని కరిగించేశారు. కొన్ని వస్తువులు సేన్ నదిలోంచి తీయగా దొరికాయి. తేనెటీగల్లో మిగిలినవి రెండే. ఉంగరం పోయింది. పదకొండు వందల డెబ్బై ఏళ్ళకు పైగా మట్టి కాపాడినదాన్ని మనుషులు రెండు వందల ఏళ్ళు కూడా నిలుపుకోలేకపోయారు. ఆ రాజు సమాధిలో ఏమేం ఉండేవో ఈ రోజు మనకు తెలుస్తోందంటే షిఫ్లే పుస్తకం వల్లే.

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. నాయనమ్మ కాసులపేరు మా చెల్లెలి పెళ్ళికి నేనే చెరిపాను. మూసలో వేసి, వెలిగారం చల్లి, ఊదుగొట్టం పట్టాను. కాసుల మీది లక్ష్మి ముఖం ముందు మెత్తబడి, తర్వాత మాయమైంది. బంగారం తూకం ఎంతో నాకు ఇప్పటికీ గుర్తు. ఎన్ని కాసులో, ఎవరు చేశారో గుర్తు లేదు. అడుగుదామంటే నాయనమ్మ లేదు. నలభై ఏళ్ళలో నా కుంపటి మీద అలా ఎన్ని ఇళ్ళ నగలు పోయాయో.

అవసరం వచ్చినప్పుడు నగ చెరిపించుకోవడం తప్పు కాదు, మా పని నడిచేదీ దానితోనే. ఒక్కటే అడుగుతున్నాను. కంసాలి చేతిలో పెట్టే ముందు ముందువైపూ వెనకవైపూ ఫొటో తీయండి. ఎవరిది, ఏ పెళ్ళికి చేయించారు, ఏ ఊళ్ళో, చేసినవారెవరు, ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే, ఈ వారమే అడిగి రాయండి.