శాంతినికేతన్‌లో కావడి మోస్తున్న మనిషి

మేం శాంతినికేతన్ నుంచి పెట్టిన ఫోటో చూసి చాలామంది అడిగారు, ఇది ఏ నాయకుడి విగ్రహం అని. నాయకుడిది కాదు. ఊరూ పేరూ తెలియని ఒక సంతాల్ కుటుంబానిది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాం.

పశ్చిమ బెంగాల్‌లోని విశ్వభారతి విశ్వవిద్యాలయంలో కళాభవన్ అని ఒక విభాగం ఉంది. 1919లో మొదలైంది. దాని ఆవరణలో, ఆరుబయట ఉంది ఈ శిల్పం. రాంకింకర్ బైజ్ 1938లో చేశాడు. మొగుడు కావడి మోస్తున్నాడు. గంపలో పిల్లవాడు. పక్కనే పెళ్లాం, వాళ్లతోపాటు కుక్క. ఉన్నదంతా మోసుకుని పోతున్నారంటే ఊరు వదిలేశారన్నమాట. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి మన భద్రాచలం వైపు వచ్చిన గుత్తికోయ కుటుంబాలను చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

విగ్రహమంటే ఎత్తు దిమ్మె ఉంటుంది, మనం తలెత్తి చూడాలి. ఇక్కడ అలా కాదు. వాళ్లు మన పక్కన నడుస్తున్నట్టే ఉంటుంది, చుట్టూ తిరిగి చూడొచ్చు. పాలరాయి కాదు, కంచూ కాదు. ఇనుప చట్రం మీద సిమెంటు, ఎర్ర కంకర కలిపి వేశాడు. అందుకే ఒళ్లంతా గరుకు. దేశంలో మొదటి ఆధునిక బహిరంగ శిల్పం ఇదేనని చాలామంది అంటారు. ఆ మొదటిది రాజుదీ దేవుడిదీ కాకుండా ఆదివాసీలది కావడం మాకు గొప్పగానే అనిపించింది.

రాంకింకర్‌ది బాంకురాలో పేద కుటుంబం. 1906లో పుట్టాడు. 1925లో శాంతినికేతన్ వచ్చి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, అక్కడే గురువయ్యాడు. చుట్టుపక్కలంతా సంతాల్ పల్లెలే.

మరి సంతాలులు ఎందుకు నడుస్తున్నారు? అడవి కొట్టి పొలాలు చేసింది వాళ్లే. ఆ భూములు షావుకార్లు, జమీందార్ల పాలయ్యాయి. 1855 జూన్ 30న సిద్ధూ, కానూ అన్నదమ్ములు హూల్ మొదలుపెట్టారు. కంపెనీ సైన్యం వేలమందిని చంపి దాన్ని అణచింది. ఆ తర్వాత ఎంతోమంది అస్సాం తేయాకు తోటలకీ, బొగ్గు గనులకీ కూలికి పోయారు. దగ్గర్లోనే రాంకింకర్ 1956లో చేసిన 'మిల్ కాల్' ఉంది. ఇద్దరు సంతాల్ ఆడవాళ్లు బియ్యం మిల్లు కూత విని ఉరుకుతుంటారు, ఆరబెట్టుకుంటున్న బట్ట గాలికి ఎగురుతుంటుంది. అంటే మొదటి శిల్పంలో బయల్దేరినవాళ్లు పద్దెనిమిదేళ్లకి మిల్లు దాకా చేరారని మా లెక్క.

నందన్ మ్యూజియం లోపల నందలాల్, బినోద్ బిహారీ ముఖర్జీ, రాంకింకర్‌ల బొమ్మలున్నాయి. బాగున్నాయి, కానీ మా మనసు బయటే ఉండిపోయింది. మట్టి గోడల మీద బొమ్మలు దిద్ది తారు పూసిన 'కాలో బాడి' దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాం. అమ్మవాళ్లు అలికిన గోడలు గుర్తొచ్చాయి.

తిరుగు రైల్లో గొడవపడ్డాం. చేసినవాడి పేరు లోకమంతా తెలుసు, కావడి మోసినవాడి పేరు ఎవరికీ తెలీదు, ఇదేం న్యాయం అని ఒకరు. అద్దాల పెట్టెలో చేతికి విల్లిచ్చి నిలబెట్టలేదు కదా, నడిచే మనిషిగా చూపించాడు కదా అని ఇంకొకరు. హౌరా వచ్చినా తేలలేదు. మీరేమంటారో రాయండి.

వెళ్లేవాళ్లు ముందే అనుమతి సంగతి కనుక్కోండి. బుధవారం మాత్రం పోవద్దు, విశ్వభారతికి వారం సెలవు ఆదివారం కాదు, ఆ రోజే.