ముక్కు దారిన వచ్చిన టీకా

టీకా అనగానే మనకు సూదే గుర్తొస్తుంది. బిడ్డ చెయ్యి కదలకుండా పట్టుకోవడం, ఆ ఏడుపు, రాత్రికి జ్వరం... తల్లులందరికీ తెలిసిన సంగతే. అందుకే ముక్కులో చుక్కలు వేస్తే చాలట అన్నప్పుడు, ఇదేదో ఈ కాలపు వింత అనుకున్నాం. నిజానికి ఇంజెక్షన్ సూది పుట్టకముందే మనుషులు ఈ దారి తొక్కారు.

మనవాళ్లు ‘అమ్మవారు పోసింది’ అనే మశూచికి చైనాలో ఒక ఉపాయం ఉండేది. జబ్బు తేలిగ్గా వచ్చి తగ్గినవాళ్ల ఒంటిమీద పక్కులు తీసి, కొన్నాళ్లు నిలవ ఉంచి, పొడి చేసి, సన్నని వెండి గొట్టంతో పిల్లల ముక్కులోకి ఊదేవారు. నిలవ ఉంచితే విషం చాలావరకు చల్లబడుతుందని వాళ్లు అనుభవంతో తెలుసుకున్నారు. 1661లో గద్దెనెక్కిన కాంగ్‌షీ చక్రవర్తికి చిన్నప్పుడే మశూచి వచ్చి తగ్గింది. తర్వాత ఆయన తన బిడ్డలకూ ఈ రక్షణ చేయించాడు. అయితే ఇందులో ఇచ్చేది అసలు జబ్బునే. కొందరికి ముదిరేది, ప్రాణాలూ పోయేవి.

ఇంగ్లండులో లేడీ మేరీ మాంటెగూ అనే తల్లి, టర్కీలో చూసివచ్చిన పద్ధతిలో 1721లో తన కూతురికి చర్మం మీద గాటు పెట్టించింది. అదే ఏడు లండన్ న్యూగేట్ జైల్లో ఆరుగురు ఖైదీల మీద ఆ పద్ధతిని పరీక్షించారు. డాక్టర్ రిచర్డ్ మీడ్ మాత్రం చైనా పద్ధతి చూద్దామని, మరణశిక్ష పడ్డ 18 ఏళ్ల అమ్మాయి ముక్కులో మశూచి రసి పెట్టించాడు. భరించలేని తలనొప్పి, విడవని జ్వరం. చివరికి బతికి బయటపడింది. ఇంగ్లండులో మాత్రం గాటు పద్ధతే నిలిచింది. వైద్య చరిత్రలో ఆమెది ఒక్క వాక్యమే. నాకు మాత్రం ఆ వాక్యం దగ్గరే మనసు ఆగిపోయింది.

మరి ఇన్నేళ్లకు మళ్లీ ముక్కు వైపు చూపు ఎందుకు మళ్లింది? జలుబు, ఫ్లూ, కోవిడ్ లోపలికి వచ్చేది ఆ గుమ్మంలోంచే. చేతికి వేసిన టీకా ముఖ్యంగా రక్తంలో కాపలా పెడుతుంది. ముక్కులో వేసింది గుమ్మంలోనే కాపలా నిలబెట్టగలదు. చిక్కల్లా ముక్కు శుభ్రతతోనే. సన్నని నూగు లాంటి కేశాలు చీమిడిని అస్తమానం గొంతు వైపు నెడుతూ ఉంటాయి. పావుగంట, ఇరవై నిమిషాల్లో మందు కాస్తా కడుపులోకి జారిపోతుంది.

అందుకే దాన్ని పట్టి ఉంచే జిగురు పదార్థాలు వెతికారు. వాటిలో పేరున్నది కైటోసాన్. రొయ్యల పొట్టు, పీతల డిప్పల నుంచి తీస్తారు. మన కోస్తాలో రొయ్యలు ఒలిచి పారేసే పొట్టే! ఇది చీమిడికి అతుక్కుంటుంది, కణాల మధ్య సందులను కాసేపు వదులు చేస్తుంది. 1994లో బ్రిటన్ పరిశోధకులు కైటోసాన్ కలిపితే ముక్కులో వేసిన ఇన్సులిన్ గొర్రెల ఒంట్లోకి బాగా వెళ్లిందని చూపించారు. టీకాలకూ ఇది పనికొస్తుందా అని అప్పటినుంచీ పరీక్షిస్తూనే ఉన్నారు.

తొందరపడితే ఏమవుతుందో స్విట్జర్లాండు చూసింది. 2000లో అక్కడ వచ్చిన ముక్కు ఫ్లూ టీకా వేసుకున్నవాళ్లలో కొందరికి మూతి ఒక పక్కకు వంకరపోయింది. టీకా బలం పెంచడానికి కలిపిన ఒక బాక్టీరియా పదార్థాన్ని అనుమానించి, టీకానే ఆపేశారు. 2003లో అమెరికా మరో రకం ముక్కు ఫ్లూ టీకాకు అనుమతిచ్చింది. మన హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవిడ్ ముక్కు చుక్కలకు 2022 సెప్టెంబరులో, పెద్దవాళ్లకు మాత్రమే, అనుమతి వచ్చింది. అందులో కైటోసాన్ లేదు. జబ్బు చేయలేని ఒక వైరస్సే అక్కడ మోసుకెళ్లే బండి.

సూది లేదంటే మనకు సగం భయం తీరుతుంది. కానీ నొప్పి లేకపోవడం వేరు, ప్రమాదం లేకపోవడం వేరు. రేపు పసిపిల్లలకు ఇలాంటి చుక్కలు వస్తే, మందేమిటని అడిగినట్టే దాన్ని మోసుకొచ్చేదేమిటని, ఎంతమంది మీద చూశారని డాక్టరును అడుగుదాం. న్యూగేట్‌లో ఆ పద్ధెనిమిదేళ్ల పిల్లకు అడిగే వీలు లేకపోయింది. మనకుంది.