సాంచా ఎవరిది, నూలు ఎవరిది? ఖటోదరా నుంచి చూస్తే చౌక వెబ్ హోస్టింగ్ చరిత్ర

(జీఎస్-1: ఆధునిక చరిత్ర, వలసలు, జీఎస్-3: సైన్స్ అండ్ టెక్నాలజీ, గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే)

పరిచయం

సూరత్ అనగానే మనకు 1613 గుర్తొస్తుంది. జహంగీర్ ఫర్మానాతో ఈస్ట్ ఇండియా కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ స్థిరపరచుకున్న ఏడాది అది. అంతకు రెండేళ్ల ముందే, 1611లో, మన మచిలీపట్నంలో ఒకటి పెట్టింది. ఆ ఫ్యాక్టరీల్లో యంత్రాలు లేవు. అవి సరుకు దాచుకునే గిడ్డంగులు, ఏజెంట్లు కూర్చునే కొలువులు. సరుకు ఎక్కడ పెట్టాలి, ఆ చోటు ఎవరి చేతిలో ఉంటుంది అన్నదే అప్పటి వ్యాపారానికి మొదటి ప్రశ్న. ఈరోజు ఒక చిన్న వెబ్ అప్లికేషన్ తయారుచేసుకున్న వాళ్ల ముందున్న ప్రశ్న కూడా అదే.

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. సూరత్‌లో ఉధ్నాకు దగ్గరగా ఖటోదరా అనే పారిశ్రామిక ప్రాంతం ఉంది. 1962 చట్టంతో ఏర్పడిన గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఎస్టేట్లలో ఒకటి అక్కడే ఉంది. సూరత్ మరమగ్గాల మీద పనిచేసేవాళ్లలో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. సాంచాల మీద కూలీ నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. కాబట్టి ఎవరు ఎన్ని మీటర్లు నేశారు, ఎంత అడ్వాన్స్ తీసుకున్నారు అన్న పుస్తకం పోతే ఆ నెల కూలీకి సాక్ష్యం పోయినట్టే. ఈ లెక్కను ఫోన్‌లో చూసుకునే చిన్న వెబ్ అప్లికేషన్‌ను అక్కడి డిగ్రీ విద్యార్థి ఒకరు రాశారనుకుందాం. దాన్ని తక్కువ ఖర్చుతో ఎక్కడ పెట్టాలి? జవాబు తెలియాలంటే చౌకదనం ఎలా వచ్చిందో తెలియాలి.

మొదటి దశ: సొంత యంత్రం (1995కు ముందు)

మన దేశంలో నెట్‌వర్క్ మొదట ప్రభుత్వానికి, విద్యాసంస్థలకే పరిమితం. 1976లో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, 1986లో ఎర్నెట్, 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు వచ్చాయి. సామాన్యుడికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందింది. ప్రైవేటు ఇంటర్నెట్ సంస్థలకు 1998 నవంబరులో తలుపులు తెరిచారు. అప్పట్లో సొంతంగా వెబ్‌సైట్ నడపాలంటే సర్వర్, లీజు లైన్, ఆగని కరెంటు, కాపలాకు మనిషి కావాలి. చిన్నవాళ్లకు అది అందని మాట.

రెండో దశ: ఒకే షెడ్డులో వందమంది (1995–2005)

ధర దిగడానికి రెండు కారణాలు. మొదటిది ఉచిత సాఫ్ట్‌వేర్. 1991లో లినక్స్ వచ్చింది. అపాచీ, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మూడూ 1995లోనే వచ్చాయి. లైసెన్స్ ఖర్చు పోయింది.

రెండోదాన్ని మన పుస్తకాలు అంతగా చెప్పవు. 1997 జనవరిలో ప్రచురితమైన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం ప్రకారం, బ్రౌజర్ తనకు ఏ సైట్ కావాలో పేరు చెప్పి అడగాలి. దాంతో ఒకే ఐపీ అడ్రసు మీద వందల సైట్లు నడపడం సాధారణమైంది. ఒకే గేటున్న షెడ్డులో వందమంది సాంచాలు పెట్టుకుని, గేటు దగ్గర పేరు చెబితే లోపలికి దారి చూపించినట్టు. షేర్డ్ హోస్టింగ్ అంటే ఇదే. దీని లోపం కూడా ఇక్కడే ఉంది: పక్కవాడి సైట్‌కు రద్దీ పెరిగితే మన సైట్ నెమ్మదిస్తుంది.

మూడో దశ: గంట లెక్కన అద్దె (2006 తర్వాత)

2006 ఆగస్టు సూరత్ వాసులు మరిచిపోలేని నెల. ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో ఎక్కువ భాగం మునిగింది. షెడ్డులో ఉన్న పుస్తకమైనా, కంప్యూటరైనా అలాంటి నీళ్లలో దక్కదు.

అదే నెల 25న అమెజాన్ ఈసీ2 సేవ పరిమిత బీటాగా మొదలైంది. చిన్న వర్చువల్ మెషిన్‌కు గంటకు 10 సెంట్లు, అప్పటి మారకంలో ఐదు రూపాయల లోపు. ఈ రెండు సంఘటనలకు సంబంధం ఏమీ లేదు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే క్లౌడ్ విలువ అర్థమవుతుంది: యంత్రం కొనకుండా, మన ఊరికి దూరంగా, వాడినంతకే చెల్లించి లెక్కలు భద్రంగా ఉంచుకునే వీలు. ఒక పెద్ద యంత్రాన్ని అనేక చిన్న యంత్రాలుగా విడగొట్టే వర్చువలైజేషన్ దీనికి మూలం. 2013లో వచ్చిన డాకర్ అప్లికేషన్‌ను కంటైనర్‌గా కట్టి ఎక్కడికైనా తరలించడం సులభం చేసింది. 2014లో వచ్చిన లాంబ్డాతో అద్దె గంటల నుంచి పిలుపుల లెక్కకు మారింది.

భారత ప్రభుత్వం 2014లో మేఘరాజ్ క్లౌడ్‌ను ప్రారంభించింది. అమెజాన్ డేటా సెంటర్ ప్రాంతాలు 2016లో ముంబయికి, 2022లో హైదరాబాద్‌కు వచ్చాయి.

సాంచాలతో పోలిక

క్లౌడ్ నమూనాలను ఖటోదరా భాషలో ఇలా గుర్తుపెట్టుకోవచ్చు.

1. సొంత సర్వర్: సొంత షెడ్డు, సొంత సాంచా. అదుపు మనదే, ఖర్చూ మనదే.
2. వర్చువల్ మెషిన్ (ఐఏఏఎస్): అద్దె సాంచా. నేత, మరమ్మతు మనమే చూసుకోవాలి.
3. ప్లాట్‌ఫామ్ సేవ (పీఏఏఎస్): జాబ్ వర్క్. నూలు ఇస్తాం, వాళ్లు నేసి బట్ట ఇస్తారు.
4. సర్వర్‌లెస్: మీటరుకు ఇంత. నేయకపోతే బిల్లు లేదు.

సూరత్ వ్యాపారులు చాలామంది మగ్గాలు కొనకుండానే జాబ్ వర్క్‌తో వ్యాపారం చేస్తారు. అది సాగేది నూలు వాళ్లదే కాబట్టి. ఒక షెడ్డు మూతపడితే ఇంకో షెడ్డుకు పంపుతారు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదే: మన కోడ్, మన డేటా ఎప్పుడైనా తీసుకెళ్లగలిగినంతకాలమే చౌక హోస్టింగ్ నిజంగా చౌక.

ఉచితం శాశ్వతం కాదు

1994లో మొదలైన జియోసిటీస్ లక్షలాది మందికి ఉచిత పేజీలిచ్చింది. 1999లో యాహూ కొన్నది, 2009లో జపాన్ తప్ప మిగతా చోట్ల మూసేసింది. హెరోకు తన ఉచిత పథకాన్ని 2022 నవంబరు 28 నుంచి ఆపింది. ఎవరినీ తప్పుపట్టాల్సిన పని లేదు. ఆ యంత్రాలకు కరెంటు బిల్లు ఎవరో ఒకరు కట్టాలి. ముందుగా ఎగుమతి చేసుకున్నవాళ్లు బయటపడ్డారు, చేసుకోనివాళ్ల పని పోయింది.

మరి మన విద్యార్థి ఏం చేయాలి?

- లెక్కలు లేని సమాచార పేజీలను గిట్‌హబ్ పేజెస్ వంటి చోట ఉచితంగా పెట్టవచ్చు. కూలీ లెక్కలున్న పేజీ అక్కడ పెట్టకూడదు.
- లెక్కల అప్లికేషన్‌కు చిన్న వర్చువల్ మెషిన్ చాలు. నెలకు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. యాభై అరవై మంది వాడే పనికి విడిగా డేటాబేస్ సర్వర్ అక్కర్లేదు, ఎస్‌క్యూలైట్ ఫైలు సరిపోతుంది.
- ప్లాట్‌ఫామ్ సేవ ఎంచుకుంటే ఒక జాగ్రత్త: చాలాచోట్ల అప్లికేషన్ మళ్లీ మొదలైనప్పుడు డిస్క్ ఖాళీ అవుతుంది. డేటాను విడిగా నిల్వ చేయాలి.
- హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 చివరి నుంచి ఉచితంగా ఇస్తోంది.
- డొమైన్ పేరు సొంతంగా, సొంత ఈమెయిల్ మీద రిజిస్టర్ చేయాలి. హోస్టింగ్ మారినా చిరునామా మారదు.
- రోజూ ఒక కాపీ వేరే సంస్థ దగ్గర ఉంచాలి. నెలకోసారి ఆ కాపీ నుంచి లెక్క తిరిగి తెరుచుకుంటోందో చూడాలి.
- ఖర్చు మించకుండా బిల్లు హెచ్చరిక పెట్టుకోవాలి. వాడినంత బిల్లు అంటే ఎక్కువ వాడితే ఎక్కువ బిల్లు అని కూడా.

కూలీల పేర్లు, బాకీలు వ్యక్తిగత డేటా కిందికి వస్తాయి. కాబట్టి 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టాన్ని కూడా ఈ కోణంలో చదవండి.

ముగింపు

ముప్పై ఏళ్లలో హోస్టింగ్ ధర దిగింది యంత్రాలు ఉచితమై కాదు, పంచుకోవడం నేర్చుకున్నందువల్ల. మొదట గేటును, తర్వాత యంత్రాన్ని, చివరికి క్షణాలను కూడా పంచుకున్నాం. పంచుకున్న ప్రతిసారీ అదుపులో కొంత యజమానికి వెళ్లింది. మీటరు లెక్కన బతికే మనిషికి కావాల్సింది తక్కువ అద్దె ఒక్కటే కాదు. షెడ్డు మూతపడిన రోజున కూడా తన లెక్క తన చేతిలో ఉండాలి.

సాధన ప్రశ్న: "క్లౌడ్ కంప్యూటింగ్ చిన్న ఉత్పత్తిదారులకు ప్రవేశ ఖర్చు తగ్గించింది, కానీ ఆధారపడటాన్ని పెంచింది." ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)

మీ జవాబులో జియోసిటీస్ ఉదాహరణ ఒక్క వాక్యంలో ముగించి, డేటాను తరలించుకునే హక్కు మీద రెండు పేరాలు రాయండి.