అద్దె ఇంటి అమరిక

అద్దె ఇంటి అమరిక అనగా కొత్తగా అద్దెకు తీసుకొన్న ఇంటిని లేదా అపార్టుమెంటు వాటాను నివాసానికి అనువుగా సామానుతో సర్దుకొని అలంకరించుకొనడం. సొంత ఇంటి అలంకరణకూ దీనికీ ముఖ్యమైన భేదం ఉన్నది. అద్దె ఇంటి గోడలు, నేల, తలుపులు యజమానికి చెందినవి. మంచాలు, బీరువాలు, తెరలు అద్దెదారుకు చెందినవి. ఇల్లు ఖాళీ చేసే రోజున ఈ రెండింటినీ వేరు చేయవలసి వస్తుంది. అందువలన గోడకు మేకు కొట్టే ముందే ఆ రోజును గురించి ఆలోచించడం అవసరం.

చట్టపరమైన అంశాలు

భారతదేశంలో యజమాని, అద్దెదారుల సాధారణ హక్కులు, బాధ్యతలు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షనులో ఉన్నాయి. ఒప్పందంలో గానీ స్థానిక ఆచారంలో గానీ వేరుగా లేనప్పుడు ఇవి వర్తిస్తాయి. వాటిలో ముఖ్యమైనవి:

* అద్దెదారు తాను బిగించిన వస్తువులను ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతవరకు తీసివేసుకొనవచ్చును. తాళాలు అప్పగించిన తరువాత ఈ హక్కు ఉండదు. ఇంటిని మొదట ఉన్న స్థితిలో అప్పగించాలి.
* వాడుక వలన సహజంగా కలిగే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు.
* యజమాని సమ్మతి లేకుండా శాశ్వతమైన కట్టడాలు చేయరాదు.

కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదు. గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, విద్యుత్ తీగల మరమ్మతు యజమాని వంతు. కుళాయిలు, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాల వంటివి అద్దెదారు వంతు. అయితే ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు దీని ఆధారంగా తమ చట్టాలను చేసుకొన్నప్పుడే అమలులోకి వస్తుంది.

చేరే ముందు

సామాను దించక ముందే ఖాళీ ఇంటిని పరిశీలించడం మంచిది. గోడల పగుళ్ళు, చెమ్మ మరకలు, విరిగిన టైల్స్, కారే కుళాయిలు, ఉన్న ఫ్యాన్లు, బల్బుల సంఖ్య ఒక జాబితాగా రాసి, ఫోటోలు తీసి, యజమానికి ఒక ప్రతి ఇవ్వాలి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోతల గురించి తగాదా వస్తే ఈ జాబితాయే ఆధారం అవుతుంది. ఫ్యాన్లు, గీజరు, కిటికీ దోమతెరలు ఎవరు కొన్నారన్నది కూడా ఇందులో రాసుకోవాలి.

కొలతలు, సామాను

సామాను కొనే ముందు గదులనే కాక తలుపుల వెడల్పును, మెట్ల మలుపులను, లిఫ్టును కూడా కొలవాలి. గదిలో పట్టే బీరువా మెట్ల మలుపులో తిరగకపోవచ్చును. 10 అడుగుల చదరపు పడక గదిలో 5 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు గల మంచాన్ని మధ్యలో వేస్తే ఇరువైపులా రెండున్నర అడుగుల చొప్పున మాత్రమే మిగులుతుంది. ఒక ప్రక్క బీరువా పెడితే దాని తలుపు పూర్తిగా తెరుచుకోదు. మంచాన్ని గోడకు చేర్చి వేస్తే ఆ స్థలమంతా ఒకే ప్రక్కకు వస్తుంది.

తరచుగా ఇళ్ళు మారేవారికి మడత కుర్చీలు, నవారు లేదా ఇనుప మంచాలు, ఉక్కు బీరువాలు అనుకూలం. విడి భాగాలను స్క్రూలతో బిగించే సామాను కూడా నేడు విరివిగా దొరుకుతున్నది. ఇటువంటి సామానుకు పేరుపొందిన స్వీడన్ సంస్థ ఐకియా భారతదేశంలో తన తొలి దుకాణాన్ని 2018 ఆగస్టులో హైదరాబాదులో తెరిచింది. అయితే చెక్కపొట్టుతో చేసిన పలకలు నీరు తగిలితే ఉబ్బుతాయి. పలుమార్లు విప్పి బిగిస్తే స్క్రూలు పట్టు కోల్పోతాయి.

గోడలు, కిటికీలు

అంటించే కొక్కేలు నునుపైన టైల్స్ మీద బాగా నిలుస్తాయి. సున్నం, డిస్టెంపరు పూసిన గోడల మీద మాత్రం పై పొరతో సహా ఊడిపోతాయి. రంధ్రాలు చేయవలసి వస్తే యజమాని అనుమతి తీసుకోవాలి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన, క్రింద డ్రిల్లింగు చేయరాదు. గోడలో విద్యుత్ గొట్టాలు సాధారణంగా ఆ దారిలోనే ఉంటాయి.

పడమటి కిటికీలకు దళసరి తెరలు ఎండను తగ్గిస్తాయి. తడిపిన వట్టివేళ్ళ తడికలు తెలంగాణ, రాయలసీమల పొడి వేసవిలో గదిని బాగా చల్లబరుస్తాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో వీటి ప్రభావం తక్కువ.

భద్రత

* గీజరు, ఏసీ వంటి పరికరాలను 16 ఆంపియర్ల సాకెట్టుకే కలపాలి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. 6 ఆంపియర్ల సాకెట్టు దీనికి చాలదు.
* వంటగ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే నేల మట్టంలో పేరుకొంటుంది. కాబట్టి సిలిండరును నిటారుగా, గాలి ఆడే చోట ఉంచాలి. పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలి.
* బరువైన సామానును అటక అంచున పెట్టరాదు.

ఆచారాలు, అలంకరణ

తెలుగువారిలో అనేకులు అద్దె ఇంట చేరేటప్పుడు కూడా పాలు పొంగిస్తారు. గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టి, గడపకు పసుపు కుంకుమలు పెడతారు. ఆషాఢం వంటి మాసాలలో ఇల్లు మారడానికి కొందరు ఇష్టపడరు.

గోడలకు మార్పు చేయకుండానే ఇంటికి అందం తెచ్చే వస్తువులు తెలుగునాట అనేకం ఉన్నాయి. తెల్లపొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మలు, అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక లక్క బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలు, వరంగల్ తివాచీలు వీటిలో కొన్ని. తివాచీ నేల మీది మరకలను కప్పుతుంది, ఖాళీ చేసేటప్పుడు చుట్టి తీసుకుపోవచ్చును.

ఖాళీ చేసేటప్పుడు

మేకులు తీసి, రంధ్రాలను తెల్ల సిమెంటు లేదా పుట్టీతో పూడ్చాలి. తాను బిగించిన వస్తువులను తాళాలు అప్పగించక ముందే విప్పుకోవాలి. మొదట రాసిన జాబితాతో యజమాని సమక్షంలో ఇంటిని సరిచూసి, కరెంటు బిల్లు చెల్లించి, అడ్వాన్సు లెక్కను కాగితం మీద రాసుకొంటే ఇరువురికీ మేలు.

ఇవి కూడా చూడండి

* గృహప్రవేశం
* కొండపల్లి బొమ్మలు
* కలంకారీ