సంగీతం టీచరమ్మ జీతం

ఆ తాటిమట్ట మంటలోకి తోసి దగ్గరకి జరగండర్రా. పుష్యమాసం చలి, ఊరికే పోదు. ఏటన్నావే చిన్నదానా? సంగీతం డబ్బున్నవాళ్ల ముచ్చటా? బడిలో అలా అన్నారా? అయితే ఇటు తిరిగి విను.

మన విజయనగరం సంగీత కళాశాల ఎలా పుట్టిందో మా పెద్దవాళ్లు చెప్పుకునేవారు. చాగంటివారింట కళ్లు కనిపించని పిల్లాడుండేవాడు. పాటంటే ప్రాణం. వాడికి ఎవరైనా నేర్పితే బాగుండునన్న మాట విజయరామ గజపతి రాజుగారి దాకా వెళ్లింది. ఆయన ఆ ఒక్క పిల్లాడికీ ఓ మేష్టారిని కుదిర్చి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు, బడే పెట్టేశారు. 1919లో. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ చేరి నేర్చుకుందామని వస్తే, ఆయన ఫిడేలు విని మేష్టారిగానే వేసేసుకున్నారట! దాసుగారి తర్వాత 1936లో ప్రిన్సిపాలూ ఆయనే అయ్యారు. ఒక పిల్లాడి కోసం తెరిచిన తలుపు, ఎంతమందికి దారిచ్చిందో చూడండి.

ఘంటసాల పేరు వినే ఉంటారు. ఎక్కడో గుడివాడ వైపు పల్లె. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఉంగరం అమ్ముకుని విజయనగరం వచ్చాడు. తిండికి లేక జోలె భుజాన వేసుకుని మధుకరం ఎత్తుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పారు. ఈ కథ చెప్పినప్పుడల్లా జనం చేతులెత్తి దణ్ణం పెడతారు, ఎంత పట్టుదలో అని. నిజమే, కాదనను. నాకు మాత్రం కడుపు రగిలిపోద్ది. జోలె పట్టడానికి మొహం చెల్లక వెనక్కి తిరిగిపోయిన గుంటలు ఎంతమందో! వాళ్ల కథ ఎవరు చెప్తారు?

పి. సుశీలమ్మ సంగతి వేరు. ఆవిడది విజయనగరమే, ప్లీడరుగారి అమ్మాయి. గొంతు దేవుడిచ్చాడంటారు. కానీ ఉన్న ఊళ్లోనే కాలేజీ ఉంది, డిప్లొమా చేసింది. దేవుడి వంతు ఎంతో, కాలేజీ వంతు ఎంతో మీరే ఆలోచించుకోండి.

రాజులు పోయారు, జమీలు పోయాయి. ఆ కాలేజీ సర్కారు చేతికొచ్చింది. మంచిదే. అయినా పెద్ద కాలేజీ ఒకటుంటే చాలదమ్మా, పునాది పల్లె బడిలో పడాలి.

నేను చదివిన ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచరమ్మ ఉండేది. లెక్కల మేష్టారికి ఇచ్చినట్టే ఆవిడకీ ప్రభుత్వ జీతం. చాప పరిచి, శ్రుతిపెట్టె ముందు పెట్టుకుని, మాయామాళవగౌళలో సరళీ స్వరాలు. ఆదితాళం ఇలా, చెయ్యి చాపండి. తొడ మీద ఓ దెబ్బ. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. మళ్లీ దెబ్బ, అరచెయ్యి తిప్పు. దెబ్బ, తిప్పు. ఎనిమిది అయిందా? ఇక రెండో కాలం. చెయ్యి అదే నడక, నోరు రెట్టింపు. ఒరే, పరుగెత్తకు! టీచరమ్మ కూడా అదే అనేది. నలభైమందిమి ఒక్కసారి ‘స’ మీదకి దిగితే కిటికీ రెక్కలు జుమ్మనేవి. నాకు గొంతు లేదని అప్పుడే తేలిపోయింది. అయినా నన్ను చాప మీంచి లేపలేదు. పక్కపిల్ల స్వరం విని నాది సరిచేసుకోవడం అక్కడే నేర్చుకున్నాను. ఆ నలభైమందిలో ఒక్కత్తీ పాటగత్తె కాలేదు. కాకపోతే ఏం? లెక్కల పీరియడ్లో కూర్చున్నవాళ్లంతా రామానుజన్లు అయ్యారా?

తర్వాత నేనూ టీచరునై వేరే బడికి పోయాను. అక్కడా ఒకావిడ ఉండేది. రిటైరయ్యింది, పోస్టు మళ్లీ నింపలేదు. సంగీతం పీరియడ్ లెక్కల ట్యూషన్ అయిపోయింది. హార్మోనియం విరిగిన బెంచీల గదిలోకి పోయింది. ఓ వేసవి తరవాత చూస్తే తిత్తి అంతా ఎలకలు కొట్టేశాయి.

డబ్బు లేదంటారు. పైకప్పు కారుతుంటే పాటెందుకంటారు. కప్పూ వెయ్యాలి, కాదనను. మరి కేంద్రీయ విద్యాలయంలో సంగీతం టీచరుంది, నవోదయలో ఉంది. ఆ పిల్లలకి చెవులున్నాయి, జిల్లా పరిషత్తు బడి పిల్లలకి లేవా? 2009 విద్యాహక్కు చట్టంలోనే రాసుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, వందమంది దాటిన బడిలో కళలు నేర్పే పార్ట్‌టైం టీచరుండాలని. అంటే మనం కొత్తగా దేబిరించేదేం లేదు. డ్రాయింగు మేష్టారిని చూపించి కళలైపోయాయంటే మాత్రం ఒప్పుకోకూడదు. సంగీతానికి వేరే మనిషి, వేరే జీతం.

ఇంకో మాట. డిప్లొమా ఉన్నవాళ్లే రావాలని నేననను. మన పక్కన తప్పెటగుళ్లు ఆడేవాళ్లున్నారు కదా, గుండె మీద రేకు తప్పెట కట్టుకుని వాయిస్తూ, పాడుతూ, ఎగిరి అడుగేస్తారు. మూడూ ఒక్క మనిషి! జముకుల కథ చెప్పేవాళ్లున్నారు. వాళ్లని ఆగస్టు పదిహేనుకి పిలిచి, శాలువా కప్పి, బస్సెక్కించేస్తాం. అలా కాకుండా వారానికి ఇన్ని పీరియడ్లని నెల జీతానికి పెట్టుకుంటే, వాళ్ల విద్యా నిలుస్తుంది, పిల్లలకీ వస్తుంది. త్యాగరాజ కీర్తన ఒక చెవికి, జముకు రెండో చెవికి. పోట్లాట ఏముంది?

మీ నాన్న బడి కమిటీలో ఉన్నాడు కదా, రేపు పొద్దున్నే లేపండి. అర్జీ రాయమని చెప్పండి. ‘కళలను ప్రోత్సహించవలెను’ అని రాస్తే సరేనని ఫైల్లో పెట్టేస్తారు. అందుకని ఏ పోస్టు, ఎన్ని పీరియడ్లు, జీతం ఏ పద్దులోంచి, ఎప్పట్నుంచి అని విడివిడిగా రాయాలి. ఒక శ్రుతిపెట్టె, రెండు చాపలు కూడా రాయించండి, మరిచిపోతారు. సంతకాల్లో మొదటిది నాది.