నేలమీది దీవి

దీవి యన్నంతనే మనకు నలుదిక్కుల సముద్రము స్ఫురించును. దక్షిణ అమెరికాకు పడమట పసిఫిక్కు మహాసముద్రమున నున్న గాలపాగస్ దీవులకు 1835లో డార్విను వెళ్లి, మఱియెచ్చటను లేని పక్షులను, తాబేళ్లను చూచిన వృత్తాంతమును చదువరు లెఱుగుదురు. సముద్రము లేని దీవియు నొకటి గలదు. దాని వాకిట సోమశిల యున్నది.

పెన్న వెలికొండలను చీల్చుకొని నెల్లూరు సీమలోనికి దిగు తావే సోమశిల. ఆ కొండల కావల, కడప జిల్లాలో, లంకమల పాదమున ముండ్లపొదల నేల యున్నది. అందు వసించునది కలివికోడి. కలివి పొదల నీడను తిరుగుటచే నాపేరు. రొమ్మున రెండు గోధుమవన్నె పట్టెలు, పొడవైన కాళ్లు. ఎగురుటకంటె పరుగెత్తుటయే దీని కెక్కువ. నెల్లూరున వైద్యుడుగా నుండిన జెర్డను దొర కనుగొన్న యీ పక్షిని 1848లో బ్లైతు పండితుడు శాస్త్రలోకమునకు పరిచయము చేసెను.

1900లో అనంతపురము చెంత కనబడిన పిదప ఎనుబదియాఱేండ్లు దీని జాడ పండితులకు దొరకలేదు. నశించినదనియే పలువురు తలచిరి. ఇది రాత్రి తిరుగు పక్షి యని వారెఱుగరు. పగటి వెలుతురులో వెదకిరి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు పటములు చేతబట్టి పల్లెలలోని వేటకాండ్ర నడిగిన పిమ్మట, 1986 జనవరిలో, రెడ్డిపల్లి చెంత నొక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగున దానిని పట్టి తెచ్చెను. చదువురాని వారి నడుగుటకు మనకింత కాలము పట్టినది! ఇందులకు మేము సిగ్గుపడుచున్నాము.

పొదలు మిక్కిలి చిక్కనైనను, బొత్తిగా కొట్టివేసినను ఈ పక్షి నిలువదు. మేకలు కొంత మేసి, కట్టెలు కొంత కొట్టిన నేలయే దీనికి హితము. అట్టి నేలకు మనమిచ్చిన పేరు బంజరు.

బంజరు గనుకనే కాలువకు అనువుగా దోచినది. శ్రీశైలమునుండి కృష్ణాజలమును సోమశిలకు, అటనుండి కండలేరు మీదుగా మద్రాసునకు చేర్చు తెలుగుగంగకు 1983లో ఒడంబడిక జరిగెను. కాలువ దారి యీ పొదలగుండనే పడినది. త్రాగునీటి కలమటించువారికి పక్షి గొడవ యేల యని యడుగువారిని మేము నిందింపము. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల దప్పి మాకును తెలిసినదే. అయినను 2005లో యంత్రములు అభయారణ్యమున ప్రవేశింపగా అటవీశాఖ త్రవ్వకము నాపినది. తరువాత కాలువను ప్రక్కకు త్రిప్పి, పక్షి వసించు నేలను కొంత కొని అభయారణ్యమున చేర్చిరి. సోమశిలకు నీరు రాకయు మానలేదు.