వైఫై కంటే ముందు ఏరియల్ ఉండేది: బోధన్ తాత, నా వీఆర్ హెడ్‌సెట్

ఈ ఎపిసోడ్ చరిత్ర గురించే, కానీ మొదలైంది మాత్రం మా ఇంట్లో, ఒక చిన్న గొడవతో.

మా తాత బోధన్ షుగర్ ఫ్యాక్టరీలో వైర్‌మన్‌గా చేసి రిటైర్ అయ్యాడు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. మోకాళ్లు పని చేయవు, మంచం నుంచి కుర్చీ దాకా రావడమే కష్టం. రెండేళ్ల నుంచి ఒకటే మాట: "ఒక్కసారి శక్కర్‌నగర్ గేటు దగ్గరికి తీస్కపోరా." తీసుకెళ్లడం కుదరట్లేదు. అందుకే నేను పాత ఫొటోలు ముందు పెట్టుకుని, తాతను అడిగి అడిగి, ల్యాప్‌టాప్‌లో ఆ గేటు, చెరుకు యార్డు, కాటా త్రీడీలో కట్టాను. నాలుగు నెలలు పట్టింది. తాత నిజంగా వెళ్లలేడు కదా, హెడ్‌సెట్ పెట్టి తిప్పుదాం అనుకున్నా.

పెట్టాను. తాత తల పైకెత్తి చూశాడు. గేటు కనిపించింది. "అరె..." అన్నాడు. అంతే, బొమ్మ ఆగిపోయింది. తల తిప్పితే గేటు కూడా తలతో పాటే వస్తోంది. పది సెకన్లకు స్క్రీన్ మొత్తం నల్లగా అయింది. తాతకు కళ్లు తిరిగాయి. హెడ్‌సెట్ తీసేసి పడుకున్నాడు. ఆ రోజు మూడుసార్లు ప్రయత్నించాం, మూడుసార్లూ అంతే. చివరికి తాత, "ఇగ వద్దులే బిడ్డా" అన్నాడు. ఆ మాటకు నాకు చాలా బాధేసింది.

సాయంత్రం చాయ్ తాగుతూ తనే ఒక మాట అన్నాడు. "మా కాలంల రేడియో గుడ గిట్లనే సతాయిస్తుండె. దానికి లైసెన్స్ గుడ కడుతుంటిమి." రేడియోకి లైసెన్స్ ఏంటి అని నేను నవ్వాను. తర్వాత వెతికితే నవ్వు ఆగిపోయింది. మన ఇంట్లో వైఫై ఎందుకు తెగిపోతుందో అర్థం కావాలంటే, ఆ లైసెన్స్ కథ దగ్గర నుంచే మొదలుపెట్టాలి. రండి.

తీగ లేకుండా కబురు పంపడం మన దేశానికి కొత్తేమీ కాదు. 1895లో కలకత్తా టౌన్ హాల్లో జగదీశ్ చంద్ర బోస్ ఒక ప్రయోగం చేసి చూపించారు. ఆయన పంపిన తరంగాలు గోడలు దాటి, మధ్యలో ఉన్న మనుషుల్ని దాటి, దూరంగా ఉన్న గంట మోగించాయి. ఆ రోజుల్లో ఆయన పని చేసిన తరంగాల పొడవు మిల్లీమీటర్లలో ఉండేది. 60 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లారు. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. మంజీర మీద నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్లతో చెరుకు వచ్చింది. చెరుకుతో 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. సరిగ్గా అదే కాలంలో హైదరాబాద్‌లో రేడియో కూడా పుట్టింది. మహబూబ్ అలీ అనే ఆయన సొంతంగా చిన్న స్టేషన్ నడిపేవారు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే దక్కన్ రేడియో. 1948 సెప్టెంబర్ 17 సాయంత్రం, సైనిక చర్య ముగింపులో, నిజాం తన నిర్ణయం చెప్పింది కూడా రేడియోలోనే. మా తాత అప్పటికి చంటిపిల్లాడు. 1950లో ఆ స్టేషన్ ఆలిండియా రేడియోలో కలిసింది.

ఇప్పుడు లైసెన్స్ సంగతి. బ్రిటిష్ వాళ్లు 1933లో ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చారు. అనుమతి లేకుండా వైర్‌లెస్ యంత్రం దగ్గర ఉంచుకోవడమే నేరం. పంపడం కాదు, ఉంచుకోవడమే! స్వాతంత్ర్యం వచ్చాక కూడా చట్టం అలాగే ఉంది. ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసుకి వెళ్లి, డబ్బు కట్టి, లైసెన్స్ పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలి. ఈ పద్ధతి 1980ల మధ్య దాకా నడిచింది. మా తాత ఇనప్పెట్టెలో ఆ పుస్తకం ఇంకా ఉంది, అంచులు చెదలు తిన్నాయి కానీ స్టాంపులు చక్కగా కనిపిస్తున్నాయి.

మరి ఆ రేడియో సతాయిస్తే ఏం చేసేవారు? తాత లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు. ఒకటి, ఇంటిపైన ఏరియల్ తీగ వదులైందా చూడాలి. రెండు, ఎర్త్ తీగ దిగిన చోట నేల ఎండిపోతే చెంబెడు నీళ్లు పోయాలి. మూడు, పక్కింట్లో మోటారు నడుస్తోందా చూడాలి, గరగర అక్కడి నుంచే వస్తుంది. నాలుగు, ఇవన్నీ అయ్యాకే డబ్బా విప్పాలి. "డబ్బా అందరికన్న చివరికి విప్పాలె, జాయింట్ అందరికన్న ముందుగాల చూడాలె." ఈ వాక్యం దగ్గర నేను ఆగి ఉంటే నాకు పది రోజులు కలిసొచ్చేవి. నేను మొదటిరోజే హెడ్‌సెట్‌ని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేశాను, అంటే ముందే డబ్బా విప్పినట్టు.

సరే, గాలికి లైసెన్స్ ఎలా పోయింది? అమెరికాలో 1985 మే నెలలో అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ కొన్ని ఫ్రీక్వెన్సీలను లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చని చెప్పింది. అందులో ఒకటి 2.4 గిగాహెర్ట్జ్. అది ఎవరికీ అక్కర్లేని జాగా. మైక్రోవేవ్ ఓవెన్లు పని చేసేది అక్కడే కాబట్టి గోల ఎక్కువని వదిలేసిన పోరంబోకు లాంటిది. 1997లో మొదటి వైఫై ప్రమాణం వచ్చింది, వేగం మహా అయితే సెకనుకు 2 మెగాబిట్లు.

ఇంకో చిక్కు ఉండేది. గదిలో రేడియో తరంగం గోడకి, బీరువాకి, నేలకి తగిలి ప్రతిధ్వనులుగా తిరిగొస్తుంది. అసలు సిగ్నల్, దాని ప్రతిధ్వని కలిసిపోయి గందరగోళం. దీనికి మందు కనిపెట్టిన వాళ్లలో ఆస్ట్రేలియా సీఎస్ఐఆర్ఓ బృందం ఒకటి. దాని నాయకుడు జాన్ ఓ'సల్లివన్ అంతకుముందు ఖగోళ శాస్త్రంలో, పేలిపోయే చిన్న బ్లాక్‌హోల్స్ నుంచి సిగ్నల్ వస్తుందేమో అని వెతికారు. అవి దొరకలేదు. కానీ ఆ వెతుకులాటలో నేర్చుకున్న లెక్కలు ఇంట్లో ప్రతిధ్వనులు సరిచేయడానికి పనికొచ్చాయి.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్స్ తీసేసింది 2005 జనవరిలో. 2018 అక్టోబర్‌లో 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద భాగం కూడా వదిలారు. అంటే తాత రేడియోకి స్టాంపు వేయించుకున్న దేశంలోనే, నేను ఇంట్లో కూర్చుని ఎవరినీ అడక్కుండా సెకనుకు వందల మెగాబిట్లు గాల్లోకి వదులుతున్నా. ఇది చిన్న మార్పు కాదు.

ఇప్పుడు హెడ్‌సెట్. 1968లో ఐవన్ సదర్లాండ్ తయారు చేసిన తల మీద పెట్టుకునే డిస్‌ప్లే ఎంత బరువంటే, దాన్ని పైకప్పు నుంచి వేలాడదీశారు. 2012లో ఓక్యులస్ రిఫ్ట్ జనం డబ్బుతో మొదలైనప్పుడు కూడా తీగ ఉంది. 2018లో హెచ్‌టీసీ వైవ్‌కి వైర్‌లెస్ అడాప్టర్ వచ్చింది, అది నడిచింది 60 గిగాహెర్ట్జ్ మీద. గుర్తుందా? బోస్ గారి అంకె! 2019లో క్వెస్ట్ వచ్చింది, 2021లో ఇంటి వైఫై మీదే పీసీ బొమ్మను హెడ్‌సెట్‌కి పంపే ఎయిర్ లింక్ వచ్చింది.

ఇక్కడే అసలు కిటుకు. "అన్నా, యూట్యూబ్ ఫోర్‌కే బాగానే వస్తుంది, వీఆర్ ఎందుకు తెగుతుంది?" అని మీరు అడుగుతారు. సినిమా ముందే కొంచెం దాచుకుని ఆడుతుంది. వీఆర్‌కి దాచుకునే వీలు లేదు, ఎందుకంటే మీరు తల ఎటు తిప్పుతారో దానికి ముందే తెలియదు. సెకనుకు 90 బొమ్మలంటే ఒక్కో బొమ్మకి 11 మిల్లీసెకన్లు. ల్యాప్‌టాప్ గీయాలి, కుదించాలి, గాల్లో పంపాలి, హెడ్‌సెట్ విప్పాలి. ఒక్క బొమ్మ ఆలస్యమైతే కన్ను ఒకటి చూస్తుంది, చెవిలోని సమతూకం ఇంకొకటి చెప్తుంది. అందుకే తాతకు కళ్లు తిరిగాయి. ఇంకో మాట, మీ ఇంటర్నెట్ ప్లాన్ వేగానికి దీంతో సంబంధం లేదు. బొమ్మ వెళ్లేది మీ ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి హెడ్‌సెట్‌కి. ఇల్లు దాటదు. నేను పెద్ద ప్లాన్‌కి మారి డబ్బు వేస్ట్ చేశా.

తర్వాత తాత పద్ధతిలోనే వరసగా చూశాను. మీరూ ఇదే వరస పట్టండి.

మొదటిది, ఏరియల్. రౌటర్ హాల్లో, తాత లోపలి గదిలో, మధ్యలో పాత రాతి గోడ. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే కానీ గోడ దాటడంలో 2.4 కంటే బలహీనం. రౌటర్‌ని తాత గదిలోకి తెచ్చి, అలమార పైన, ఎదురుగా కనిపించేలా పెట్టా.

రెండోది, ఏ దారిలో వెళ్తోంది. మా రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంది. హెడ్‌సెట్ చెప్పకుండా 2.4 మీదకు జారిపోతోంది. పేర్లు విడగొట్టి, హెడ్‌సెట్‌కి 5 మాత్రమే చూపించా. ఇప్పుడు బొమ్మ ఆగడం తగ్గింది.

మూడోది, పక్కింటి మోటారు. ఇప్పటి మోటారు అంటే పక్కింటి వైఫై. ఫోన్‌లో అనలైజర్ యాప్‌తో చూస్తే ఏ ఛానెల్‌లో ఎంత రద్దీ ఉందో తెలుస్తుంది. ఇంకో సంగతి, 52 నుంచి 144 దాకా ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. అక్కడ రాడార్ వినిపించిందనుకుంటే రౌటర్ వెంటనే ఛానెల్ వదిలేస్తుంది. నిజం రాడార్ లేకపోయినా ఒక్కోసారి పొరబడుతుంది. స్క్రీన్ మొత్తం నల్లగా అవడం ఇలాంటిదే. 36 నుంచి 48, లేదా 149 నుంచి పైకి పెడితే ఈ బాధ ఉండదు. 36 పెట్టా. నల్లబడటం ఆగింది.

నాలుగోది, ఒకే ఇంట్లో ఉన్నారా? రెండూ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంటే ఒకదాన్నొకటి చూడలేవు. విండోస్‌లో ఆ నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉన్నా, వీపీఎన్ నడుస్తున్నా హెడ్‌సెట్‌కి ల్యాప్‌టాప్ కనిపించకపోవచ్చు. నాది ప్రైవేట్‌లోనే ఉంది.

ఐదోది, ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి వైఫైతో కాదు, ల్యాన్ కేబుల్‌తో కలపాలి. లేదంటే బొమ్మ ఒకే గాలిలో రెండుసార్లు ప్రయాణం చేయాలి. కలిపాను. అయినా ఇంకా ముక్కలు ముక్కలుగా వస్తోంది! నాకు విసుగొచ్చి నేల మీద కూర్చున్నా.

తాత అడిగాడు, "ఆ తీగ ఎక్కడిదిరా?" పాతది, ఇంట్లో పడి ఉన్నదే అన్నా. "ఇటు తే." కళ్లద్దాలు పెట్టుకుని, కేబుల్ చివర ఉన్న ప్లగ్గును గోరుతో తట్టి, వెలుగుకి ఎత్తి చూశాడు. "ఎనిమిదిట్ల ఒకటి లోపలికి పోలే" అన్నాడు. నాకు కనిపించలేదు, ఆయనకు కనిపించింది. ల్యాప్‌టాప్‌లో లింక్ స్పీడ్ చూస్తే 100 మెగాబిట్లు. సెకనుకు 1000 రావాలంటే ఎనిమిది తీగలూ కలవాలి, నాలుగు కలిస్తే 100తోనే సరిపెట్టుకుంటుంది. నేను హెడ్‌సెట్‌కి పెట్టింది 150. ఇరుకు దారిలో ఎక్కువ బండ్లు పంపినట్టు. వైర్‌లెస్ సమస్యలో చివరి ముడి వైరులో ఉంది.

నిజామాబాద్‌లో బస్టాండ్ దగ్గర కొత్త కేబుల్ కొనుక్కొచ్చా. లింక్ స్పీడ్ 1000 చూపించింది. తాత మళ్లీ పెట్టుకోడానికి ఒప్పుకోలేదు, మొన్న కళ్లు తిరిగింది కదా. రెండు రోజులు బతిమాలా. "రెండు నిమిషాలే తాతా" అంటే సరేనన్నాడు.

ఇరవై నిమిషాలు చూశాడు.

గేటు దాటాడు, కాటా దగ్గర ఆగాడు. ఎడమకి చూసి, కుడికి చూసి, "తప్పు పెట్టినవ్‌రా. కాటా ఈ దిక్కు కాదు, ఆ దిక్కు. బండ్లు ఇట్ల మళ్లుతుండె" అన్నాడు. చెయ్యెత్తి గాల్లో దారి గీశాడు. నాకు ఆ దారి ఏ ఫొటోలోనూ దొరకలేదు. ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. గానుగ సీజన్‌లో రాత్రంతా చెరుకు బండ్లు ఎటు నుంచి ఎటు నిలబడేవో, ఇప్పుడు తాత లాంటి వాళ్ల తలల్లోనే ఉంది. నేను పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నా. ఇప్పుడు కాటా సరైన వైపే ఉంది.

అందుకే ఈ ఎపిసోడ్. మీ ఇంట్లో కూడా రేడియో లైసెన్స్ పుస్తకం ఉందేమో వెతకండి. ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి, చెదలు ఆగవు. హెడ్‌సెట్ లేకపోయినా పర్లేదు, ఇంట్లో పెద్దవాళ్లను వాళ్లు పని చేసిన చోటు ఎటు వైపు ఏముండేదో అడిగి ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఇక కనెక్షన్ తెగిపోతే మాత్రం మా తాత మాట గుర్తుంచుకోండి: ముందుగాల జాయింట్ చూడాలె.